రొయ్యల చెరువుకి కరెంటు కాపలా: ఈఎస్‌పీ32 బోర్డుతో నా మొదటి అనుభవం

వీడియోల్లో చూస్తే ఎంబెడెడ్ బోర్డు (సెన్సార్లు, లైట్లు లాంటివి నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) సెటప్ పది నిమిషాల పని. బోర్డు పెట్టెలోంచి తీస్తారు, కంప్యూటర్‌కి తగిలిస్తారు, లైటు వెలిగి ఆరుతుంది, అయిపోయింది. మన ఇంట్లో మన ల్యాప్‌టాప్ మీద చేసినప్పుడు కోడ్ దాకా రావడానికే బోలెడు టైం పడుతుంది. కేబుల్, డ్రైవర్, పోర్టు, పవర్, వీటి దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. కాకపోతే నాకు నచ్చిన విషయం ఏంటంటే, దాదాపు ప్రతి చోటా బోర్డు తన బాధేంటో తనే చెబుతుంది. తెర మీద గబగబా పోయే ఆ ఇంగ్లీషు లైన్లని చూసి కంగారు పడి కిటికీ మూసేయకుండా, ఒక్కొక్కటీ తీరిగ్గా చదివితే చాలు.

నేను జావా రాసుకుని బతికే మనిషిని. వోల్టేజీలు, రెసిస్టర్లు ఇంటర్‌లో చదివి అక్కడే వదిలేశాను. ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలో, పని మాత్రం ఆకివీడు దగ్గర మా ఊళ్లో, ఇంటి నుంచే. మా వైపు ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో తరాలుగా వరి పండించిన చేలు చాలావరకు ఇప్పుడు చెరువులైపోయాయి. మా మావయ్య కూడా వెన్నామీ రొయ్య వేస్తాడు. ఈ పని మొదలైంది కూడా ఆయన కోసమే.

చెరువుల సంగతి తెలియని వాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. పగలు నీళ్లలో ఉండే ప్లాంక్టన్ (కంటికి కనబడనంత చిన్న నాచు) ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మిగులు మేత, అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడని టైం అది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటర్ వేయాల్సిన మనిషి నిద్రలో ఉంటే రొయ్యలు చచ్చి పంట మొత్తం గట్టు మీదకి వచ్చేస్తుంది. ఎండాకాలం ఇంకా ప్రమాదం, వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ కరుగుతుంది. కాబట్టి నేను చేయాలనుకున్నది చిన్న పనే: కరెంటు పోగానే ఫోన్‌కి కబురు రావాలి, వీలైతే నీళ్ల వేడి ఎంతుందో కూడా తెలియాలి. డీవో కొలిచే మంచి సెన్సార్ల ధర చూశాక దాని జోలికి పోలేదు.

మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, భీమవరంలో ఈసీఈ చదువుతున్నాడు, వాడే ఈఎస్‌పీ32 తీసుకోమన్నాడు. ఎస్ప్రెసిఫ్ అనే చైనా కంపెనీ 2016లో తెచ్చిన చిప్ ఇది. వైఫై, బ్లూటూత్ రెండూ లోపలే ఉంటాయి, రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ వరకు వేగం. ర్యామ్ మాత్రం 520 కేబీ. మా ఆఫీసులో ఏమీ చేయకుండా ఖాళీగా కూర్చున్న జావా ప్రోగ్రాం కూడా ఇంతకి ఎన్నో రెట్లు తినేస్తుంది, అందుకని ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది. బోర్డు మాత్రం నాలుగైదు వందల్లో దొరికింది.

మొదటి అడ్డంకి కేబుల్. బోర్డుకి తగిలించగానే ఎర్ర లైటు వెలిగింది, కానీ ల్యాప్‌టాప్‌లో ఏ పోర్టూ కనబడలేదు. ఇంట్లో ఉన్న మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో చాలావాటికి లోపల రెండు తీగలే ఉంటాయి, ఛార్జింగ్‌కి అవి సరిపోతాయి, డేటాకి ఇంకో రెండు కావాలి. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. తెలుసుకునే దారి ఒకటే, అదే కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి ఫోటోలు కాపీ అవుతున్నాయేమో చూడడం. మా ఇంట్లో ఆ పరీక్ష పాసైన కేబుల్ అమ్మ పాత ఫోన్‌తో వచ్చినది.

కేబుల్ మారాక విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు గుర్తుతో ఏదో కనబడింది. అంటే డ్రైవర్ లేదని. ఈఎస్‌పీ32 చిప్‌కి నేరుగా యూఎస్‌బీ తెలియదు, మధ్యలో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే ఇంకో చిన్న చిప్ ఉంటుంది. కొన్ని బోర్డుల్లో అది సీపీ2102, కొన్నిటిలో సీహెచ్340. ఏది ఉందో తెలియాలంటే యూఎస్‌బీ సాకెట్ పక్కన ఉన్న నల్ల చిప్ మీద అక్షరాలు చదవాలి. నాకు కళ్లజోడు పెట్టుకున్నా కనబడలేదు, ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. సీపీ2102. దాని డ్రైవర్ వేయగానే కామ్ పోర్టు వచ్చేసింది. లైనక్స్‌లో అయితే డ్రైవర్ ముందే ఉంటుంది, కానీ యూజర్‌ని డయలౌట్ అనే గ్రూపులో చేర్చకపోతే పోర్టు కనబడుతూనే పర్మిషన్ లేదంటుంది. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అదే జరిగింది.

తర్వాత ఆర్డుయినో ఐడీఈ (కోడ్ రాసి బోర్డుకి ఎక్కించే సాఫ్ట్‌వేర్), అందులో బోర్డ్స్ మేనేజర్ నుంచి ఈఎస్‌పీ32 ప్యాకేజీ. ఇది వందల ఎంబీల డౌన్‌లోడ్, మా ఊరి నెట్‌కి రాత్రి పెట్టి పడుకోవడమే మేలు. ఇక్కడ ఒక్క హెచ్చరిక: ఈ ప్యాకేజీ 3వ వెర్షన్‌లో కొన్ని ఫంక్షన్లు మార్చేశారు. నెట్‌లో దొరికే పాత ఉదాహరణలు, ముఖ్యంగా పీడబ్ల్యూఎం (లైటు వెలుగు, మోటారు వేగం లాంటివి పెంచి తగ్గించే పద్ధతి) వాడేవి, కంపైల్ కావు. ఉదాహరణ ఎప్పటిదో తేదీ చూసుకుని దిగండి.

అప్‌లోడ్ నొక్కితే ఇంకో తమాషా. కింద 'కనెక్టింగ్' అని వచ్చి, పక్కన చుక్కలు, గీతలు పడుతూ పోయి, చివరికి 'టైమ్డ్ ఔట్ వెయిటింగ్ ఫర్ ప్యాకెట్ హెడర్' అంది. చిప్ కొత్త కోడ్ తీసుకోవాలంటే, అది ఆన్ అయ్యే క్షణంలో జీపీఐఓ 0 అనే పిన్ (చిప్‌కి ఉండే కాళ్లలో ఒకటి) గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టులకి, కలిసి ఉండాలి. లేకపోతే లోపల ఉన్న పాత ప్రోగ్రాంనే నడుపుకుంటుంది. ఆ పని మామూలుగా బోర్డు తనంతట తనే చేసుకోవాలి, కానీ కొన్ని చవక బోర్డుల్లో ఆ సర్క్యూట్ టైమింగ్ సరిగ్గా కుదరదు. అప్పుడు చుక్కలు మొదలవగానే బోర్డు మీద ఉన్న బూట్ బటన్ నొక్కి పట్టుకోవాలి, అప్‌లోడ్ శాతం కనబడ్డాక వదిలేయాలి. ఈ బాధ శాశ్వతంగా పోవాలంటే చిప్‌ని రీసెట్ చేసే ఈఎన్ పిన్‌కి, గ్రౌండ్‌కి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సరి. ఆ కెపాసిటర్ మా తమ్ముడు పాత టీవీ బోర్డులోంచి పీకి తెచ్చాడు.

అప్‌లోడ్ అయింది సరే, లైటు మాత్రం వెలిగి ఆరలేదు. అసలు సంగతేంటంటే నేను కొన్న 38 పిన్నుల బోర్డులో మనం ఆడించుకునే లైటే లేదు, ఉన్నది పవర్ లైటు ఒక్కటే. చాలా 30 పిన్నుల బోర్డుల్లో 2వ పిన్‌కి నీలం లైటు ఉంటుంది, వీడియోల్లో మెరిసేది అదే. అందుకే కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి నా సలహా, లైటుని నమ్ముకోకండి. ఐడీఈలో సీరియల్ మానిటర్ (బోర్డు పంపే మాటలు కనబడే కిటికీ) తెరిచి ఒక లైను ప్రింట్ చేయించండి, అది కనబడితే బోర్డు బతికే ఉన్నట్టు. మానిటర్ వేగం 115200 పెట్టాలి, కోడ్‌లో ఒక అంకె, మానిటర్‌లో ఇంకో అంకె ఉంటే పిచ్చి గీతలు వస్తాయి. తమ్ముడి దగ్గర పాత ఈఎస్‌పీ8266 బోర్డు ఉంది, అది ఆన్ అవగానే చెప్పే మాటలు 74880 వేగంలో వస్తాయి, 115200లో చూస్తే చెత్తలా కనబడతాయి, బోర్డు పాడైందని వాడు పక్కన పడేశాడు పాపం.

ఈ సీరియల్ మానిటర్ దగ్గరే నాకు అసలు ఆసక్తి మొదలైంది. రీసెట్ నొక్కిన ప్రతిసారీ బోర్డు ముందుగా తను ఎందుకు మొదలైందో ఒక లైనులో చెబుతుంది. 'పవర్‌ఆన్ రీసెట్' అంటే పవర్ ఇప్పుడే వచ్చిందని, లేదా రీసెట్ బటన్ నొక్కారని. 'వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్' అంటే కొత్త కోడ్ కోసం ఎదురు చూస్తున్నానని. మా సర్వర్ల లాగ్‌లు చదవడం నాకు రోజూ పనే కాబట్టి, ఇది కూడా అలాంటిదే అని తెలిశాక సగం భయం పోయింది.

వైఫై కలిపే కోడ్ వేశాక ఇంట్లో బాగానే పనిచేసింది. చెరువు దగ్గర షెడ్డులోకి తీసుకెళ్లి, అక్కడున్న పొడవాటి సన్న కేబుల్‌తో ఛార్జర్‌కి పెడితే మాత్రం ఆన్ అవుతూ ఆగుతూ ఒకటే గోల. ల్యాప్‌టాప్ తెచ్చి అదే కేబుల్‌తో కలిపి చూస్తే ప్రతిసారీ ఒకే లైను: 'బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్'. అంటే వోల్టేజీ పడిపోతోందని. ఈ చిప్ మామూలుగా కరెంటు తక్కువే తాగుతుంది, కానీ వైఫైలో సిగ్నల్ పంపే క్షణంలో 240 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. సన్న కేబుల్‌లో అప్పుడు వోల్టేజీ తగ్గుతుంది, బోర్డు మీదున్న రెగ్యులేటర్ (వచ్చే 5 వోల్టుల్ని చిప్‌కి సరిపడా తగ్గించేది) 3.3 వోల్టులు ఇవ్వాలంటే దానికి పైన ఇంకో వోల్టు దాకా మిగులు కావాలి, అది దొరకదు, చిప్ తనని తాను కాపాడుకోవడానికి రీసెట్ అయిపోతుంది. నెట్‌లో కొందరు ఆ డిటెక్టర్‌ని కోడ్‌లో ఆపేయమని సలహా ఇస్తారు. నాకు అది నచ్చలేదు, కబురు చెప్పేవాడి నోరు మూసేస్తే వోల్టేజీ పెరగదు కదా. పొట్టి, లావు కేబుల్ పెట్టాక ఆ లైను మళ్లీ కనబడలేదు.

వైఫై గురించి ఇంకొకటి. ఈఎస్‌పీ32కి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దానికి కనబడనే కనబడదు. షెడ్డులో ఒక పాత ఫోన్ పెట్టి హాట్‌స్పాట్ వాడుతున్నాం, అందులో బ్యాండ్ మార్చేదాకా పాస్‌వర్డ్ ఎన్నిసార్లు సరిచూసినా లాభం లేకపోయింది. నేరుగా సిమ్ పెట్టి ఎస్ఎంఎస్ పంపే మాడ్యూల్ ఉంది కదా అని మావయ్య అడిగాడు. చవకగా దొరికే సిమ్800ఎల్ 2జీ మీద నడుస్తుంది, మా ఇంట్లో అందరివీ జియో సిమ్‌లు, అందులో 2జీ లేదు. పైగా అది ఒక్కోసారి 2 యాంపులు లాగుతుంది, మళ్లీ వోల్టేజీ గోల. వద్దనుకున్నాం.

నీళ్ల వేడికి డీఎస్18బీ20 సెన్సార్ తెచ్చాం, స్టీలు గొట్టంలో పెట్టి పొడవు వైరుతో అమ్ముతారు. ఎరుపు 3.3 వోల్టులకి, నలుపు గ్రౌండ్‌కి, పసుపు డేటా పిన్‌కి. డేటాకి, 3.3 వోల్టులకి మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. ఇదంతా తమ్ముడే కలిపాడు, చేతికి దగ్గరగా ఉందని 12వ పిన్‌కి పెట్టాడు. అంతే, బోర్డు లేవడం మానేసింది. మానిటర్‌లో 'ఫ్లాష్ రీడ్ ఎర్ర్, 1000' అని వరుసగా పడుతోంది.

"అక్కా, బోర్డు కాలిపోయింది, నేనేం చేయలేదు," అన్నాడు వాడు, అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

కాలిపోలేదు. ఈ చిప్‌లో కొన్ని పిన్నులు ఆన్ అయ్యే క్షణంలో సెట్టింగుల్లా పనిచేస్తాయి: 0, 2, 5, 12, 15. అందులో 12వ పిన్ ఆ క్షణంలో పైకి, అంటే 3.3 వోల్టుల దగ్గర, ఉంటే, మన కోడ్ దాచే ఫ్లాష్ మెమరీకి 3.3 బదులు 1.8 వోల్టులు ఇవ్వాలని చిప్ అనుకుంటుంది. మా రెసిస్టర్ ఆ పిన్‌ని పైకి లాగి పట్టుకుంది, మెమరీకి చాలినంత వోల్టేజీ లేక చదవలేకపోయింది. వైరు తీసి 4వ పిన్‌కి పెట్టగానే హాయిగా లేచింది. అలాగే 6 నుంచి 11 వరకు లోపల ఫ్లాష్‌కే కలిసి ఉంటాయి, 38 పిన్నుల బోర్డు మీద బయటికి కనబడుతున్నాయని వాడకూడదు. 34 నుంచి 39 వరకు లోపలికి తీసుకోవడానికే, బయటికి ఏమీ ఇవ్వలేవు. ఈ పిన్నుల పటం ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాల్సిన కాగితం.

సెన్సార్ మొదటిసారి 85 డిగ్రీలు చూపించింది. మావయ్య పక్కనే ఉన్నాడు. "85 అయితే ఇక మేత దేనికి అమ్మాయ్, ఉప్పూ కారం వేసుకుని తినేయడమే," అన్నాడు. పవర్ వచ్చాక ఇంకా కొలవకముందు ఆ సెన్సార్‌లో ఉండే అంకె 85. కొలవడానికి ముప్పావు సెకను దాకా పడుతుంది, అది పూర్తవకుండా అడిగితే అదే చెబుతుంది. -127 అని వస్తే వైరు ఊడిందని అర్థం. ఈ రెండు అంకెల్నీ కోడ్‌లో పక్కకి తీసేశాను, లేకపోతే ఏ అర్ధరాత్రో 85 డిగ్రీలని మెసేజ్ వెళ్లి ఆయన గుండె ఆగుతుంది.

ఇక అసలు పని, కరెంటు ఉందా లేదా. 230 వోల్టుల జోలికి నేను పోదలచుకోలేదు, మీరూ పోకండి. ఫోన్ ఛార్జర్ ఒకటి కరెంటుకి పెట్టి, దాని 5 వోల్టుల్ని 10 కిలో ఓమ్, 20 కిలో ఓమ్ రెసిస్టర్లతో 3.3కి తగ్గించి 34వ పిన్‌కి ఇచ్చాను. పిన్‌కి నేరుగా 5 వోల్టులు ఇస్తే చిప్ పోతుంది. బోర్డేమో పవర్ బ్యాంక్ మీద నడుస్తుంది. కరెంటు పోతే 34 సున్నా అవుతుంది, టెలిగ్రామ్‌లో మెసేజ్ వెళ్తుంది.

ఇది చూపించగానే మావయ్య అడిగిన ప్రశ్న నాకు తట్టనే లేదు. "ఒక ఫేజు పోతే?" ఏరేటర్లు త్రీ ఫేజ్ మోటార్లు. మూడింటిలో ఒకటి పోతే షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉండొచ్చు, మోటార్లు మాత్రం మూలుగుతూ వేడెక్కుతాయి, స్టార్టర్‌లో రిలే సరిగ్గా లేకపోతే కాయిల్ కాలిపోతుంది. మా ఛార్జర్ బతికున్న ఫేజ్ మీద ఉంటే బోర్డు అంతా బాగుందనే చెబుతుంది. ముప్పై ఏళ్ల నుంచి మోటార్లు రీవైండింగ్ చేయించుకుంటున్న మనిషికి ఇది వెంటనే తడుతుంది, ఏ వీడియోలోనూ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కో ఫేజ్ మీద ఒక్కో సాకెట్ పెట్టించాం, మూడు ఛార్జర్లు, 34, 35, 32 పిన్నులు. ఇప్పుడు ఏ ఫేజ్ పోయిందో కూడా మెసేజ్‌లోనే వస్తుంది. ఛార్జర్ పీకేశాక దాని లోపలి కెపాసిటర్ ఖాళీ అవడానికి కొంచెం టైం పడుతుంది, అందుకని కొన్ని సెకన్లు వరుసగా సున్నా ఉంటేనే కరెంటు పోయినట్టు లెక్క వేస్తున్నాను. రెప్పపాటు పోయి వచ్చే కరెంటుకి మెసేజ్‌లు మొదలైతే మా ఊళ్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది.

పవర్ బ్యాంక్ ఇంకో చిక్కు తెచ్చింది. కరెంటు తీసి పరీక్షిస్తే బోర్డు ఆగకుండా నడవాలి, కానీ లాగ్‌లో 'పవర్‌ఆన్ రీసెట్' కనబడింది. ఛార్జింగ్ ఆగి బ్యాటరీకి మారే క్షణంలో కొన్ని పవర్ బ్యాంకులు ఔట్‌పుట్‌ని కాసేపు ఆపేస్తాయి. వేరే పవర్ బ్యాంక్ కొనేకంటే కోడ్ మార్చడమే తేలికనిపించింది: బోర్డు లేచిన వెంటనే మూడు ఫేజులూ చూసి, ఏదైనా లేకపోతే అప్పుడే మెసేజ్ పంపుతుంది. మధ్యలో ఒకసారి రీస్టార్ట్ అయినా నష్టం లేదు.

చెరువు గట్టు మీద గాలిలో ఉప్పుంటుంది, తేమ ఉంటుంది. బ్రెడ్‌బోర్డ్ మీద గుచ్చిన వైర్లు అక్కడ నిలవవు, కొద్ది రోజుల్లోనే పచ్చగా చిలుము పడతాయి. తమ్ముడు అన్నీ పర్ఫ్ బోర్డు (చిల్లుల బోర్డు) మీద సోల్డరింగ్ చేసి, ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి, వైర్లు కింది వైపు నుంచి లోపలికి తీసుకొచ్చాడు, వాన నీళ్లు వైరు పట్టుకుని లోపలికి జారకుండా.

అన్నీ అయ్యాక మావయ్యకి ఒకటే నచ్చలేదు, మెసేజ్ చప్పుడుకి మెలకువ రాదని. న్యాయమే. పైగా ఊరంతా కరెంటు పోయి ఎక్కువసేపు రాకపోతే సెల్ టవర్ కూడా నీరసపడుతుంది, హాట్‌స్పాట్ ఉన్నా నెట్ ఉండదు. అందుకని కాపలా మనిషి పడుకునే చోట 5 వోల్టుల బజర్ పెట్టాం, 25వ పిన్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, బీసీ547 ట్రాన్సిస్టర్ మీదుగా, ఎందుకంటే పిన్ నుంచి నేరుగా బజర్ నడిపితే పిన్ మీద భారం ఎక్కువ. జనరేటర్ వేసి మూడు ఫేజులూ వచ్చేదాకా అది మోగుతూనే ఉంటుంది, ఆపడానికి బటన్ పెట్టమని కాపలా మనిషి అడిగాడు, మావయ్య ఒప్పుకోలేదు.